పని పోతాదని చెప్పిన మనిషి

కంటి ఆపరేషను కోసం ఈ మధ్య కర్నూలులో ఒక ఆసుపత్రిలో ఒక పూట పడుకున్నాను. ఒక కంటికి గుడ్డ కట్టి ఉంది, రెండో కంటి చూపు అంతంతమాత్రం. పక్క మంచం దగ్గర ఎవరో దుప్పటిని రెండు చేతులా పట్టి గాలిలో విదిలించారు. ఛట్‌మని శబ్దం వచ్చింది. బాగా ఉతికి, మా సీమ ఎండలో ఆరేసిన దుప్పటి తప్ప ఇంకోటి అట్లా పలకదు. ఆ వెంటనే సబ్బూ ఎండా కలిసిన వాసన నా మొహం మీద నుంచి పోయింది. కన్ను మూసి ఉన్నా నాకు ఒక మనిషి కనిపించింది: పొడుగాటి మనిషి, నడుముకు బిగించిన కొంగు, చేటల్లాంటి అరచేతులు.

దుప్పటి పరిచిన పిల్ల మూలలు కిందికి తోసేసి పోబోతుంటే నా నోరు ఊరుకోలేదు. "మూల అట్ల కాదు పాపా. ముందు పైకెత్తి పట్టి, కింద వేలాడేది లోపలికి దోపి, అప్పుడు దించల్ల. పేషెంటు ఎంత పొర్లినా ఊడిరాదు" అన్నాను. "ఎవరు నేర్పినారవ్వా నీకు?" అంది. "మాబున్నక్క" అన్నాను. ఆ పిల్ల నవ్వి వెళ్లిపోయింది. డాక్టర్ల పేర్లు ఆసుపత్రి గోడల మీద పెద్ద అక్షరాలతో ఉంటాయి. ఆయమ్మల పేర్లు ఎక్కడా ఉండవు. అందుకే ఇది రాస్తున్నాను. నలభై దాటాక అక్షరం పట్టిన చెయ్యి నాది. తప్పులుంటే మా మనవరాలు దిద్దుతుంది. మాటలను మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను.

మాది కోసిగి అవతల పల్లె. వాన పడితే చేను, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే మూటాముల్లె కట్టుకుని, పిల్లలనీ కోళ్లనీ లారీలో వేసుకుని, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోవడం. ఏడాదిలో నాలుగైదు నెలలు మా ఊళ్లో ముసలివాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. నా బిడ్డ లక్ష్మి మూడో తరగతిలో మూడేళ్లు కూర్చుంది. తెలివి లేక కాదు. పరీక్షల వేళకు మిరప చేలో ఉండేది. అట్లా ఉండగా నా మొగుడు ఈరన్న పత్తి లోడు మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక రెండుగా విరిగింది. కర్నూలు తెచ్చి రాడ్లు వేయించి, తుంగభద్ర ఒడ్డు వైపు పాత ఊళ్లో ఒక్క గది అద్దెకు తీసుకున్నాం. దసరా దాటితే సుగ్గికి తీసుకుపోయే మేస్త్రి లారీ వస్తుంది. ఈరన్న ఎక్కలేడు కాబట్టి నేనూ లక్ష్మీ ఎక్కాలి. పదేళ్ల పిల్ల. ఈసారి లారీ ఎక్కితే ఇంక బడి గడప తొక్కదని నాకు తెలుసు. దసరా లోపల ఊళ్లో నిలకడైన పని ఒకటి దొరకాలి, దొరికింది నిలవాలి. అప్పుడు నాకున్న దిగులంతా అదే.

మా పక్క గదిలో ఉండేది మాబున్ని. బద్వేలు దగ్గర పుట్టిన మనిషి. మొగుడు పోయాక కర్నూలు వచ్చి, ఒక నాలుగంతస్తుల ఆసుపత్రిలో ఆయమ్మగా కుదిరింది. మేం దిగిన రెండో రోజే గుమ్మంలో నిలబడి, నన్ను కాదు, మంచం మీది ఈరన్నను చూసింది. "ఈయప్పను పక్కకు తిప్పి ఎన్నాళ్లయింది మే?" అని అడిగింది. "కాలు ఇరిగినోడిని తిప్పితే ఇంకా ఇరగదా అక్కా" అన్నాను. ఆమె నేరుగా లోపలికి వచ్చింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, "ఏమప్పా, నన్ను చూడు, కాలును చూడాకు" అంటూ అంత మనిషిని ఒక ఆకును తిప్పినట్టు తిప్పింది. ఈరన్న అరవడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అరవాల్సిన పని రాలేదు. వీపు మీద తోలు కంది, ఒకచోట చిట్లుతోంది. నేను ఇరవై రోజులుగా పక్కనే కూర్చుని విసురుతున్నాను. నాకు తెలియలేదు. ఆమె గడపలో నుంచి చూసి కనుక్కుంది. "పడుకున్నోడి మొహం చూస్తే తెలుస్తాది" అంది, అదేమంత విషయం కాదన్నట్టు. బరువు మోసే చేతులను పుట్టినప్పటి నుంచీ చూశాను. బరువును అట్లా తేలిక చేసే చేతులను అదే మొదటిసారి చూడటం.

నాకు ఆసుపత్రి పని నేర్పింది ఆ గదిలోనే, ఈరన్న మీదే. మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం, పడుకున్న మనిషికి తల స్నానం, పక్క తడిస్తే సిగ్గు పడనియ్యకుండా తుడవడం. "ఏమప్పా ఈరన్నా, ఇప్పుడు నువ్వు పేషెంటువి. పేషెంటు మాట్లాడకూడదు" అనేది. "నేను నిజంగానే పేషెంటునే కదక్కా" అనేవాడు అతను. "నిజం పేషెంటు డబ్బులు కట్టి పడుకుంటాడు. నువ్వు ఊరికే పడుకునుండావు, నోరు మూసుకో." మొదటిసారి నేను దుప్పటి మారుస్తూ అతన్ని గోడకు నెట్టాను. "బస్తా అనుకున్నావా మే, నీ మొగుడు" అని నవ్వింది. రెండు వారాల్లో నా చేతులకు పని వచ్చింది. ఈరన్న వీపు కూడా మానింది.

పని అడగడానికి ఆసుపత్రులన్నీ వరుసగా ఉండే వీధికి తీసుకుపోయింది. దారిలో ఒక్క మాటే చెప్పింది. "లోపలికి పోయినాక నీకు రానిది ముందు చెప్పు. వచ్చేది వాళ్లే చూసుకుంటారు." నాకు రానిది చదువు. ఆమె బయట మెట్ల మీద కూర్చుంది. మొదటి ఆసుపత్రిలో "చదువు రాదు సార్" అన్నాను. "అయితే కష్టమమ్మా" అన్నారు. రెండోచోట పూర్తిగా వినను కూడా వినలేదు. ఆమెకేం, ఆమెకు చదువుంది కాబట్టి చెబుతుందని లోలోపల తిట్టుకున్నాను. మూడోది ఆమె పనిచేసే నాలుగంతస్తుల ఆసుపత్రే. అక్కడి మేనేజరు "ఏం చదివినావు?" అని అడిగాడు. గోడ మీది క్యాలెండరులో దసరా తారీఖు ఎర్రగా ఉంది. అక్షరం రాకపోయినా ఎరుపు తెలుస్తుంది కదా. "అయిదో తరగతి" అన్నాను. సంతకం గీయడం లక్ష్మి దగ్గర ముందే నేర్చుకుని ఉన్నాను, గీసి ఇచ్చాను. రేపటి నుంచి రమ్మన్నాడు. బయటికి వచ్చి "కుదిరిందక్కా" అన్నాను. "చెప్పినావా?" అంది. "చెప్పినా" అన్నాను. ఆమె నమ్మింది. ఎవరినైనా మొదట నమ్మే మనిషి.

పది రోజులు కింది అంతస్తులో వేశారు. అక్కడ చదవాల్సిన పనేమీ లేదు. పదకొండో రోజు పైన ఆపరేషను వార్డులో ఒకామె రాలేదని నన్ను పంపారు. మాబున్నక్క ఉండేది ఆ వార్డులోనే, కానీ నేను పోయేటప్పటికి ఆమె ఇంకెవరినో ఎక్సరేకు తీసుకుపోయి ఉంది. కిటికీ పక్క మంచం మీద పత్తికొండ వైపు పెద్దాయన ఒకాయన. బక్కచిక్కిన మెడ, పగిలిన పెదవులు. ఆ పొద్దున పదింటికి ఆయనకు ఆపరేషను. "అమ్మా, గుక్కెడు నీళ్లు పొయ్యి తల్లీ. నోరు పిడచగట్టుకపోతాంది" అన్నాడు. మంచం తలవైపు ఒక అట్ట వేలాడుతోంది. దాని మీద ఏదో రాసి ఉంది. నాకది గోడ మీది మరకలాంటిదే.

మా ఊరి సంగతి చెప్పాలి. రెండు బిందెల నీళ్లకు మైలు నడిచే ఊరు మాది. అయినా గుమ్మంలో నిలబడి నీళ్లు అడిగిన మనిషిని లేదని పంపిన ఇల్లు మా ఊళ్లో లేదు. కొడవళ్లతో కొట్టుకున్న ఇళ్ల వాళ్లయినా సరే, అడిగితే చెంబెడు నీళ్లూ, ముందుగా ఒక బెల్లం ముక్కా ఇవ్వాల్సిందే. ఉత్త నీళ్లు ఇస్తే మనిషిని తక్కువ చేసినట్టు. మా అమ్మ అట్లా ఇచ్చింది, నేనూ ఇచ్చాను. కొంగున మధ్యాహ్నం రొట్టెలోకి కట్టుకున్న బెల్లం ఉంటే విప్పి ఆయన చేతిలో పెట్టి, గ్లాసు నిండా నీళ్లు తాగించాను. "నీ కడుపు సల్లగుండ" అన్నాడు. ఆ ఆసుపత్రికి వచ్చాక నేను చేసిన మొదటి మంచి పని అదేననుకున్నాను.

పదింటికి కొంచెం ముందు మాబున్నక్క స్ట్రెచరు తోసుకుంటూ వచ్చింది. ఆమె పని చేయడం నేను ఆసుపత్రిలో చూసింది అప్పుడే. నేరుగా మంచం దగ్గరికి పోలేదు. అట్ట ముందు నిలబడి నర్సును పిలిచింది. "సిస్టరమ్మా, నాకు అచ్చరం రాదు గదా, ఈ అట్టలో ఏముండాదో సదివి చెప్పు." వార్డంతా వినేలా, "కాస్త జరుగు" అన్నంత మామూలుగా అడిగింది. నర్సు విసుక్కుంది. "రోజూ ఇదే కదా మాబున్నీ, నీకు తెలీదా?" అంది. "నిన్నటిది నిన్నటికి. ఈ పొద్దుటిది చెప్పు" అంది ఈమె. నర్సు చదివింది: "రాత్రి నుంచి తిండి, నీళ్లు, ఏవీ ఇవ్వకూడదు." తర్వాత "ఏమన్నా తిన్నావా తాతా?" అని మాబున్నక్క పెద్దాయనను అడిగింది. "లేదు తల్లీ, మెతుకు ముట్టలేదు" అన్నాడు ఆయన. ఆయన అబద్ధం చెప్పలేదు. బెల్లమూ నీళ్లూ మా వైపు తిండి లెక్కలోకి రావు.

నాకు ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. ఇన్నాళ్లూ చదువుకున్నదనుకున్న మనిషికి అక్షరం రాదు, దాన్ని పగటి వెలుగులో పదిమంది ముందు చెబుతోంది. నేను అదే సంగతిని దాచి, ఒక మనిషి కడుపులో నీళ్లు పోశాను. ఆ సంగతి తెలిసింది నాకూ ఆ ముసలాయనకూ మాత్రమే. ఆయన చెప్పడు, ఆపరేషను ఆగిపోవడం ఆయనకు ఇష్టం ఉండదు. నేను నోరు మూసుకుంటే చాలు. స్ట్రెచరు వరండాలోకి వచ్చింది. ఒక పక్క ఆమె, ఇంకో పక్క నేను. ఆపరేషను గది తలుపు ఇరవై అడుగుల్లో ఉంది. "అక్కా" అన్నాను. "ఆయప్పకు నీళ్లు ఇచ్చినా. బెల్లం గూడా. నాకు చదువు రాదని ఈళ్లకు చెప్పలేదు."

ఆమె స్ట్రెచరు ఆపింది. నన్ను తిట్టలేదు. ఎందుకిచ్చావనీ అడగలేదు, ఆమెదీ నీళ్లు కరువున్న ఊరే. "లోపల మత్తు డాక్టరు ఉండాడు. పోయి చెప్పు" అంది.

"పని పోతాది అక్కా."

"పోతాది."

అంత మాత్రమే. పోదులే అనలేదు, నేను సర్ది చెబుతాననలేదు, అల్లా చూసుకుంటాడనలేదు. నా కళ్లలోకి చూసి "పోతాది" అంది. "పని పోతాది. మనిషి పోడు. పో, నేను ఈ బండి ఈడ్నే పట్టుకుని ఉంటా." జీవితంలో ఎంతోమంది నన్ను ఓదార్చారు. ఓదార్పు లేకుండా అంత ధైర్యం ఇచ్చిన మాట ఇంకొకటి వినలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి పక్కన నిలబడితే కాళ్ల కింద నేల గట్టిగా ఉంటుంది. పోయాను. ఆకుపచ్చ గౌనులో ఉన్న డాక్టరుకు చెప్పాను. "మత్తు ఇచ్చాక ఆ నీళ్లు ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోయుంటే ఆయన బతికేవాడు కాదేమో, తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. ఆపరేషను సాయంత్రానికి మార్చారు. పెద్దాయన బాగానే లేచి, నాలుగో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయాడని తర్వాత మాబున్నక్క చెప్పింది.

నా పని ఆ పూటే పోయింది. మేనేజరు నీళ్ల గురించి ఎక్కువ అనలేదు. అయిదో తరగతి గురించి అన్నాడు. అది న్యాయమే. కానీ నాకు కోపం వచ్చింది, మేనేజరు మీద కాదు, ఆమె మీద. అన్నేళ్లుగా పనిచేస్తున్న మనిషి, నా తరఫున మేనేజరును ఒక్క మాట అడిగి ఉండవచ్చు. అడగలేదు. ఇంటికి వచ్చి మధ్య గోడకు వినబడేలా లక్ష్మితో "మూట కట్టు మే, లారీ వస్తాది" అన్నాను. మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఆమె చెప్పులేసుకుని నిలబడి ఉంది. ఆ రోజుకు సెలవు పెట్టింది. "పా" అంది. "యాడికి?" అన్నాను మొహం తిప్పుకుని. "నిన్న పోయింది ఒక్క ఆసుపత్రే. ఊర్లో ఎన్ని ఉండాయి?"

ఈసారి ఆమె బయట కూర్చోలేదు. నాతో లోపలికి వచ్చి, నోరు తెరవకుండా గోడకు ఆనుకుని నిలబడింది. నేనే చెప్పాలి: చదువు రాదని, ఉందని అబద్ధం చెప్పి పనిలో చేరానని, ఆపరేషను మనిషికి నీళ్లిచ్చానని, పని పోయిందని. మొదటిచోట ఒకాయన పడీపడీ నవ్వి, ఇంకొకర్ని పిలిచి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. రెండోచోట "ఈ కథంతా ఎందుకమ్మా మాకు" అన్నారు. బయటికి వచ్చినప్పుడల్లా ఆమె తర్వాతి ఆసుపత్రి వైపు నడిచేది. సాయంత్రానికి ఒక చిన్న ఆసుపత్రి, కాన్పులది. అక్కడి పెద్ద నర్సమ్మ నెరిసిన జుట్టు మనిషి. నేను చెప్పినంతసేపూ రాసుకుంటున్న పెన్ను కింద పెట్టి వింది. "తప్పు చేసిందాన్ని ఎందుకు పెట్టుకోవాలి నేను?" అంది. అప్పుడు మాబున్నక్క మొదటిసారి నోరు తెరిచింది. "తప్పు చేయనోళ్లు నీ దగ్గర శానామంది ఉంటారమ్మా. చేసి, అడక్కముందే చెప్పినోళ్లు ఎంతమంది ఉండారో లెక్క పెట్టుకో." ఆ నర్సమ్మ కిటికీలోంచి వార్డు వైపు చూసింది. ఏం లెక్క పెట్టుకుందో నాకు తెలియదు. "రేపు రా. ఆరు నెలల్లో నీ పేరు గీయడం కాదు, మంచం మీది అట్ట చదవాలి" అంది.

చదువు చెప్పింది నా బిడ్డ లక్ష్మి. పగలు బడిలో దానికి చెప్పింది సాయంత్రం నాకు చెప్పేది. నలభై దాటిన మనిషి పలక ముందు కూర్చుని బిడ్డతో మొట్టికాయలు తినడం ఎంత సిగ్గో కూర్చున్న వాళ్లకే తెలుసు. మూడో రోజు మానేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం మాబున్నక్క తనూ ఒక పలక కొనుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "నాకూ చెప్పు టీచరమ్మా" అంది లక్ష్మితో. ఆరు నెలలూ వచ్చింది. ఆమెకు తన పేరులోని 'మ' తప్ప ఇంకొక్క అక్షరం రాలేదు. లక్ష్మి అరిచేది, ఈరన్న మంచం మీద నుంచి ఎగతాళి చేసేవాడు, ఈమె నవ్వుతూ చెరిపి మళ్లీ గీసేది. ఇంత మొద్దుదేమిటి ఈమె అని నేనూ అనుకున్నాను. వార్డులో నలభై మంచాల సంగతి నోటికి చెప్పే మనిషికి ఆరు నెలల్లో ఒక్క అక్షరమేనా ఎక్కేదని చాలా ఏళ్ల తర్వాత గాని నాకు తట్టలేదు. అడిగితే "నా బుర్ర అంతే మే" అంది. నేర్చుకోవడానికి వచ్చిందో, నా సిగ్గులో సగం పంచుకోవడానికి వచ్చిందో ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

ఆ దసరాకు లారీ వచ్చింది, మేం ఎక్కలేదు. తర్వాత ఏ దసరాకూ ఎక్కలేదు. ఆ కాన్పుల ఆసుపత్రిలోనే నాకు జుట్టు నెరిసింది. లక్ష్మి మూడో తరగతి దాటింది, పదీ దాటింది, ఇప్పుడు ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తోంది. మాబున్నక్క మోకాళ్లు అరిగిపోయాక బద్వేలుకు, తమ్ముడింటికి పోయింది. అక్కడే పోయింది. కబురు అందేసరికి మట్టి చేసేశారు. ఆ సమాధి దగ్గర ఒకసారి నిలబడి వచ్చాను. రాయి మీద పేరు లేదు.

మొన్న ఈరన్న తమ్ముడి మనవరాలు శాంతి ఊరి నుంచి వచ్చింది. ఇంటరు తప్పింది. ఆసుపత్రిలో ఏదైనా పని చూపించమంది. నర్సు శిక్షణ అయినట్టు ఒక కాగితం పుట్టిస్తామని ఎవరో చెప్పారట, తెచ్చుకోనా అని అడిగింది. వద్దన్నాను. లోపలికి పోయినాక రానిది ముందు చెప్పు అన్నాను. ఆసుపత్రుల వీధికి తీసుకుపోయి, నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. ఎండ మండుతోంది. రెండుచోట్ల అడిగి వచ్చి నా ముందు నిలబడింది. కళ్లలో నీళ్లు, నీళ్ల వెనక కోపం.

"వద్దన్నారవ్వా. ఆ కాగితం చూపించింటే ఈపాటికి నాకు డ్రెస్సు కొలతలు తీసుకుంటాండ్రి."

నిజం చెప్పినవాళ్లకు మంచే జరుగుతుందని అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

"అవును, తీసుకుంటాండ్రి" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఒక పగదాన్ని చూసినట్టు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, ఒకప్పుడు నేనే చూశాను. గోడ పట్టుకుని లేచి, కాళ్లు చెప్పుల్లో దూర్చుకున్నాను.

"ఇంక యాడికి?" అంది.

"ఆ మలుపు తిరిగితే ఇంకోటి ఉండాది. పా, ఈసారి నేనూ లోపలికి వస్తా."